ఖైరూ ఆపా మిషను ఆగినప్పుడు

కుట్టుమిషను చప్పుడు నడుస్తున్నంతసేపు నేను పట్టించుకోను. ఆగితే మాత్రం తల ఎత్తుతాను. ఇది నాకు చాలా ఏళ్లుగా ఉన్న జబ్బు. ఈ ఏడు మా మెదక్ పుస్తకాల పండుగ మొదలైన రోజు పొద్దున కూడా అదే జరిగింది. ఫంక్షన్ హాలు ముందు షామియానా కడుతున్నారు. స్టాళ్ల వాళ్లు అట్టపెట్టెలు విప్పుతున్నారు. ఎవరికి ఏ బల్ల ఇవ్వాలో నేను చూసుకుంటున్నాను. పక్క సందులో ఒక టైలరు దుకాణం ఉంది. అందులోంచి టకటకమని వస్తున్న చప్పుడు ఉన్నట్టుండి ఆగింది. నేను మాట మధ్యలో ఆగిపోయి అటు తిరిగాను. "ఏమైంది మేడం?" అని అడిగాడు బల్లలు మోస్తున్నాయన. "ఏం లేదు, ఆడ ఎవరో మంచి కథ చెప్తున్నట్టున్నరు" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, బల్ల ఎత్తుకుని వెళ్లిపోయాడు. ఆయన తప్పేం లేదు, ఆయనకు ఖైరూ ఆపా తెలియదు.

మీకూ తెలియదు కాబట్టి మొదటి నుంచి చెబుతాను. ఆమె పూర్తి పేరు ఖైరున్నీసా, ఆపా అంటే అక్క. మెదక్‌లో ఖిల్లా వైపు వెళ్లే ఒక గల్లీలో కింద కుట్టు దుకాణం, వెనక ఇల్లు, పైన కిరాయికిచ్చే ఒక గది. మాది నిజాంపేట దగ్గర పల్లె. కరెంటాఫీసులో ఉద్యోగం వచ్చి మెదక్ చేరినప్పుడు గది కోసం తిరిగి తిరిగి ఆ గల్లీలోకి వెళ్లాను. పొడుగాటి మనిషి, కళ్లద్దాలు ముక్కు చివర, మెడలో టేపు. మిషను ఆపకుండానే నన్ను పైనుంచి కిందికి చూసింది. కిరాయి ఎంత, నీళ్లు ఎప్పుడు వస్తాయి అని నేను అడగబోతుంటే ఆమే అడిగింది.

"మాట్లాడుతవా?"

"ఏంది ఆపా?"

"జర మాట్లాడే మనిషివేనా అంటున్న. ఇంతకు ముందు ఒకాయన ఉండె. రెండేండ్లున్నడు గని 'కరెంట్ పోయిందా' అనుడు తప్ప ఒక్క మాట మాట్లాడలే. నా రేడియో ఖరాబైంది. నాకు కిరాయి ఒక్కటే గాదు, ముచ్చట గూడ గావాలె."

గది కోసం నేను ఎన్నో షరతులు విన్నాను. మాంసం వండొద్దన్నవాళ్లున్నారు, చుట్టాలు రావొద్దన్నవాళ్లున్నారు. ముచ్చట చెప్పాలన్న ఇంటి ఓనరును మాత్రం ఆ రోజే చూశాను. మా ఇంట్లో నన్ను లొడలొడ వాగుతుందని తిట్టేవాళ్లు. ఆ గుణం చూసి గది ఇచ్చే మనిషి దొరికితే ఎట్లా వదులుకుంటాను? ఆ సాయంత్రమే సామాను తెచ్చుకున్నాను.

అప్పటినుంచి ఆఫీసు కాగానే దుకాణంలో స్టూలు మీద కూర్చోవడం అలవాటైంది. బిల్లు ఎక్కువొచ్చిందని మీటరు పీకి చేతిలో పట్టుకొచ్చిన మనిషి గురించి, ఆఫీసు ఫ్యాను కింద కూర్చోవడం కోసం జరిగే యుద్ధాల గురించి చెప్పేదాన్ని. ఆమె కాళ్లు ఆడుతుండేవి, చేతులు గుడ్డను ముందుకు తోస్తుండేవి. ఆమె భర్త గఫార్ భాయి రామాయంపేటకు ఆటో నడిపేవాడు. నెమ్మదస్థుడు, నవ్వు తప్ప మాట లేదు. "మీ ఇద్దరి మధ్యల నాకు ఛాన్స్ యాడుంటది" అని చాయ్ గ్లాసులు మా ముందు పెట్టి పోయేవాడు.

నేను కథలు రాస్తానని అప్పటికి ఎవరికీ తెలియదు. ఒకరోజు ధైర్యం చేసి, వారపత్రికలో చదివిన కథ అని అబద్ధం చెప్పి నా కథే చదివి వినిపించాను. ఒక వాన రాత్రి, ఒంటరి స్త్రీ, ఆమె మనసులోని తుఫాను. రాసినప్పుడు నాకే కన్నీళ్లు వచ్చాయి. చదువుతున్నంతసేపు మిషను ఆగలేదు సరి కదా, మధ్యలో ఇంకా జోరందుకుంది. నేను తుఫాను దగ్గరికి వచ్చేసరికి ఆమె జాకెట్టు ఒకటి పూర్తి చేసి గుండీలకు దిగింది. కథ అయిపోయింది.

"అయిందా?" అంది.

"అయింది."

"ఇగ చాయ్ పెట్టు."

నేను లోపలికి వెళ్లి చాయ్ పెట్టాను. పాలు పొంగి స్టవ్ మీద పడ్డాయి. ఏడుపొచ్చింది. ఆమెకు కథలు అర్థం కావు అనుకుని సమాధానపడ్డాను. రాసేవాళ్లందరికీ అందుబాటులో ఉండే మందు అది.

ఆ తర్వాత కొన్నాళ్లకు మంజీరకు వరద వచ్చింది. ఏడుపాయల గుడి నీళ్లలో మునిగిందని ఊరంతా అదే మాట. ఆ మాట మీద నాకు మా మేనత్త గుర్తొచ్చి, గుండీలు ఏరుతూ ఊరికే చెప్పడం మొదలుపెట్టాను. కొడుకుకు జ్వరం తగ్గితే వనదుర్గమ్మకు మేకను ఇస్తానని మా మేనత్త మొక్కుకుంది. తగ్గింది. మేకను తీసుకుని ఒక్కతే బయలుదేరింది. తీరా అక్కడికి పోయేసరికి నది పొంగింది, గుడి మూశారు. వెనక్కి వచ్చే దారి లేదు. అక్కడే ఒక రేకుల షెడ్డులో మేకతో పాటు ఉండిపోయింది. తెచ్చుకున్న రొట్టెలో సగం తాను, సగం మేక. రాత్రి చలికి మేక ఆమె ఒళ్లో తల పెట్టుకుని పడుకునేది.

నేను గుండీలు ఏరుతూనే ఉన్నాను. ఎక్కడో ఏదో తేడా అనిపించింది. దుకాణం నిశ్శబ్దంగా ఉంది. తల ఎత్తి చూస్తే ఆపా కాళ్లు ఆగిపోయి ఉన్నాయి. చేతి కింద గుడ్డ సగంలో ఉంది. కళ్లద్దాల మీదుగా నన్నే చూస్తోంది.

"ఫిర్?" అంది, తర్వాతేమైందని.

ఆ ఒక్క మాట అన్నప్పుడు ఆమె ముఖం నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. అంత పెద్ద మనిషి ముఖంలో ఆత్రం తప్ప ఇంకేమీ లేదు.

"నీళ్లు తగ్గినయ్ ఆపా. గుడి తెరిచిండ్రు. మా అత్త లోపలికి పోయి దండం పెట్టింది, మేకను తోలుకొని ఇంటికొచ్చింది."

"మేకతోనా?"

"మేకతోనే. ఊర్ల అందరు ఏమాయె మొక్కు అని అడిగిండ్రు. 'నేను ముందర నిలవడి సూసిన, అమ్మ అడగలే' అన్నది."

ఆపా నవ్విన నవ్వుకు పక్క కిరాణం కొట్టులోంచి మనిషి తొంగి చూశాడు. నవ్వి నవ్వి, టేపు చివరతో కళ్లు తుడుచుకుని, తన సంగతి చెప్పింది. ఒక బక్రీద్‌కు గఫార్ భాయి నెల ముందే మేకను తెచ్చి కట్టేశాడట. పిల్లలు దానికి రాజా అని పేరు పెట్టి, బడికి కూడా వెంట తీసుకుపోయారట. పండగనాడు ఇల్లంతా ఏడుపు. "ఇగ ఏం జేస్తం? పక్కింటోళ్లది గూడ గదే కథ. మా రాజాను వాళ్లకిచ్చినం, వాళ్లది మేం తీసుకున్నం. అందరం ఏడ్సుకుంటనే బిర్యానీ తిన్నం" అంది. ఆ సాయంత్రం ఒక్క జాకెట్టు కూడా పూర్తి కాలేదు.

నాకు కథ రాయడం ఎవరు నేర్పారని ఇప్పుడు ఎవరైనా అడిగితే నేను ఆ సాయంత్రం పేరే చెబుతాను. ఆమె నాకు ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. ఎట్లా ఉందని అడిగితే "నాకేం తెలుసు? మిషిన్‌ను అడుగు" అనేది. నిజంగానే నేను మిషన్నే అడిగేదాన్ని. రాసింది చదువుతూ చెవి అటు పెట్టేదాన్ని. జోరుగా నడుస్తుంటే కథ నడవడం లేదని అర్థం. మెల్లబడితే ఫర్వాలేదు. ఆగితే మాత్రం ఆ పేజీని ముట్టుకునేదాన్ని కాదు.

దసరా ముందు ఆమెకు ఊపిరాడనంత పని ఉండేది. అప్పుడు నన్ను రావొద్దనేది, నేను రాకపోతే పైకి కేక వేసేది. జాకెట్లు ఆలస్యమై గిరాకీలు గొడవకు వచ్చేవాళ్లు. వాళ్లలో బాలమణి అని మార్కెట్లో కూరగాయలు అమ్మే ఆమె ఒకతి. "మీ ముచ్చట్లు సల్లగుండ, నా బిడ్డ పెండ్లికన్న జాకిట్ అందుతదా?" అని గడపలో నిలబడి అరిచింది ఒకరోజు. "కూసో, రెండు కుట్లే ఉన్నయ్" అని ఆపా కూర్చోబెట్టింది. నేను చదువుతున్నది ఆపలేదు. జాకెట్టు చేతికి వచ్చాక కూడా బాలమణి లేవలేదు. మరునాడు జాకెట్టు పని లేకుండానే వచ్చింది.

మేక కథను నేను మొత్తం రాశాను. రాస్తూ రాస్తూ, కథ మరీ నవ్వులాటగా ఉంది, కొంచెం బరువు పెడదామని చివర మార్చాను. మేకను ఎవరో దొంగతనంగా కోసుకుంటారు, ఆ దిగులుతో మా మేనత్త మంచం పట్టి కన్నుమూస్తుంది. బాగా కుదిరిందనుకుని గొంతు వణికిస్తూ చదివాను. ఠప్పున దారం తెగింది.

"సూసినవా? అబద్ధం చెప్తే దారం తెంపుతది" అంది ఆపా.

"దారం పాతదై ఉంటది ఆపా."

"పొద్దుగాలనే కొత్త ఉండ పెట్టిన. మీ అత్త బతికే ఉన్నదా?"

"ఉన్నది."

"మేక?"

"ముసల్దై పోయింది. ఊర్ల అందరి చిక్కుడు తీగలు మేసి, అందరితోని తిట్లు తిని పోయింది."

"మరి గంత మంచిగ బతికిన మేకను నువ్వెందుకు కోపిచ్చినవే? అమ్మవారే ఇడిసిపెట్టింది, నువ్వు సంపుడేంది?"

నేను పైకి వెళ్లి ఆ చివరి పేజీ చించేశాను. చిక్కుడు తీగలు రాశాను. ఆ కథే తర్వాత నా మొదటి పుస్తకానికి పేరైంది: 'అమ్మవారు అడగని మేక'.

పుస్తకం అచ్చయి వచ్చింది గానీ, అట్టపెట్టెల్లో మంచం కిందే ఉండిపోయింది. ఆఫీసులో అందరికీ తలా ఒకటి ఇచ్చాను. "టైం దొరికితే చదువుతా మేడం" అన్నారు అందరూ. ఒకరోజు మా సెక్షన్లో కూలరు ఊగకుండా కాలు కింద నా పుస్తకం పెట్టి ఉండటం చూశాను. కూలరు అసలు ఊగడం లేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అనలేదు. ఎక్కడో దూరంగా ఉన్నాయన రాస్తే రచయిత, పక్క టేబులు దగ్గర కూర్చుని రాస్తే మన సరితనే కదా.

అట్లాంటి రోజుల్లో మెదక్‌లో మొదటిసారి పుస్తకాల పండుగ పెడుతున్నారని తెలిసింది. పెట్టింది విఠల్ సార్. తెలుగు పండితుడిగా రిటైరైన మనిషి. పట్టణంలో ఏ సభ జరిగినా మైకు ఆయన చేతిలోనే. మంచివాడు, సాహిత్యమంటే ప్రాణం. ఒక మధ్యాహ్నమంతా చుట్టుపక్కల రచయితలకే కేటాయించి, ఒక్కొక్కరు తమ రచన ఒకటి చదవాలని పిలిచాడు. నా పేరు కూడా ఉంది.

నేను ఆ సాయంత్రం ఆపాతో అనేశాను. "ఆపా, ఈ సభలన్న మన ఊరోళ్లు ఇంటే సరే. లేకుంటే ఇగ రాసుడు బంద్ చేస్త. కూలర్ల కింద పెట్టేటందుకు ఎందుకు రాసుడు?" ఊరికే అన్న మాట కాదు. అప్పటికే పదిహేను రోజులుగా కలం పట్టలేదు.

"బంద్ చేస్తే చెయ్. నా కుట్టుపనన్న జల్ది అయితది" అంది ఆమె మిషను తొక్కుతూ. నాకు చాలా కష్టంగా అనిపించింది. కాసేపటికి మిషను మెల్లబడింది. "ఎన్ని గంటలకు సభ?" అని అడిగింది.

ఆమె అంతవరకు ఏ సభకూ వెళ్లలేదు. ఆ రోజు ఇస్త్రీ చేసిన బుర్ఖా వేసుకుని, బాలమణిని వెంటబెట్టుకుని, సంచిలో ఫాల్ కుట్టాల్సిన చీరతో వచ్చింది. చేతులు ఖాళీగా పెట్టుకుని కూర్చోవడం ఆమెకు చేతకాదు. మిషను రాదు కాబట్టి సూదీ దారం తెచ్చుకుంది. ముందు వరసలో కూర్చుంది. గఫార్ భాయి ఇద్దరినీ దించి, రామాయంపేట గిరాకీల కోసం అడ్డా మీదికి పోయాడు.

తెలుగు సభలు చూసినవాళ్లకు తర్వాత జరిగింది చెప్పనక్కర్లేదు. విఠల్ సార్ మైకు అందుకుని అధ్యక్షుణ్ణి, ముఖ్య అతిథిని, విశిష్ట అతిథిని, ఆత్మీయ అతిథిని వేదికను అలంకరించవలసిందిగా కోరాడు. తర్వాత రచయితలందరినీ పిలిచాడు. తర్వాత రచయితలు కానివాళ్లు నొచ్చుకుంటారని వాళ్లనూ పిలిచాడు. కొత్తగా ఎవరు గేటులోకి వచ్చినా, రెడ్డొచ్చె మొదలాడన్నట్టు స్వాగతం మళ్లీ మొదటికి వచ్చేది, వచ్చినాయన మెడలో శాలువా పడేది. వేదిక మీద కుర్చీలు చాలక కింద నుంచి పైకి మోశారు. కుర్చీలు మోసినాయన కూడా పైనే ఉండిపోయాడు, ఆయనకూ శాలువా కప్పారు. నేను మూడో వరసలో ఇరుక్కుని కూర్చున్నాను. నా మోకాలి మీద ఎవరిదో జ్ఞాపిక ఉంది. శాలువాల వేడికి అందరికీ చెమటలు.

వేదిక మీద నుంచి కిందికి చూశాను. అన్ని కుర్చీలూ ఖాళీ. ఆపా, బాలమణి, స్టాలు మూసుకుని వచ్చి కునుకు తీస్తున్న ఒకాయన. అంతే. ఊళ్లో సాహిత్యం మీద ప్రేమ ఉన్నవాళ్లంతా వచ్చారు, వచ్చినవాళ్లంతా వేదిక మీద ఉన్నారు. నాకు ఇక కలంతో పని లేదని అప్పుడే తేల్చుకున్నాను.

అంతలో విఠల్ సార్ చూపు ఆపా మీద పడింది. పాపం, గౌరవం ఇవ్వడంలో ఆయన ఎవరినీ తక్కువ చేసే రకం కాదు. "ఇంత ఓపికగా కూర్చున్న మా సోదరీమణిని మహిళల పక్షాన వేదికను అలంకరించవలసిందిగా కోరుతున్నాను" అని మైకులో పిలిచి, శాలువా విప్పాడు.

ఆపా సూది చీరలో గుచ్చి నిలబడింది.

"నేను గూడ పైకొస్తే ఇనేదెవరు సార్?"

మైకు లేకపోయినా ఆమె గొంతు గేటు దాకా వినిపించింది. కునుకు తీస్తున్నాయన లేచి కూర్చున్నాడు. విఠల్ సార్ శాలువా పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.

"బురా మత్ మానో సార్, ఏమనుకోకుండ్రి. పెద్దోళ్లు, సదువుకున్నోళ్లు. గని మీరందరు ఆడ కూసుంటే ఈడ ఎవరున్నరు? ఒకాయన సదివితే మిగిలినోళ్లకు ఆయన ఈపే గదా కనిపిచ్చేది. దిగుండ్రి జర. సదివేటాయన ఒక్కడే పైనుంటడు, మిగిలినోళ్లు కిందికొచ్చి కూసోండ్రి. మాకు గూడ తోడుంటది."

నాకు భయమేసింది. విఠల్ సార్ వేదిక మీదికి చూశాడు, కుర్చీల మీదికి చూశాడు. ఉన్నట్టుండి పకపకా నవ్వడం మొదలుపెట్టాడు. "ముప్పయి ఏండ్ల సంది సభలు నడుపుతున్న. గిట్ల దిగుండ్రని ఎవ్వలు చెప్పలే నాకు" అని, తెచ్చిన శాలువా తన మెడలోనే వేసుకుని, మెట్లు దిగి వచ్చి ఆపా పక్కన కూర్చున్నాడు. పెద్దాయన దిగాక మిగతావాళ్లకు తప్పుతుందా? ఒక్కొక్కరే దిగారు. ముఖ్య అతిథి కొంచెం గునిశాడు గానీ, ఆయన కుర్చీ అప్పటికే కిందికి చేరింది.

ఆ రోజు మా ప్రాంతపు రచయితలు ఒకరి కథ ఒకరు మొదటిసారి విన్నారు. అంతవరకు సభల్లో మేమంతా మా వంతు ఎప్పుడా అని చూసేవాళ్లమే తప్ప విన్నది లేదు. ఇంతలో గఫార్ భాయి ఆటో నిండా మనుషులతో గేటు దగ్గర ఆగాడు. "గాడ మస్తు నవ్వుతుండ్రు, ఏందో సూసి పోదాం, ఐదే నిమిషాలు" అని రామాయంపేట పోవాల్సిన గిరాకీలను లోపలికి తెచ్చాడు. ఆయన నోటి నుంచి అంత పెద్ద వాక్యం నేను వినడం అదే మొదలు.

నా వంతు వచ్చింది. గౌరవనీయులైన పెద్దలకు అని మొదలుపెట్టి, సాహిత్యం సమాజానికి ఏం చేయాలో రాసుకొచ్చింది చదవసాగాను. ఓరకంట ఆపా చేతుల వైపు చూశాను. సూది చకచకా నడుస్తోంది. చీర అంచు మీద అంత జోరు నేను ఎప్పుడూ చూడలేదు. ఆ కాగితం మడిచి పక్కన పెట్టాను.

"మా మేనత్త మేకను తోలుకొని ఏడుపాయలకు పోయింది" అన్నాను.

సూది మెల్లబడింది. మంజీర పొంగింది. రేకుల షెడ్డు వచ్చింది, రొట్టెలో సగం వచ్చింది. సూది చీర అంచులో సగం దిగి, అక్కడే నిలిచిపోయింది. వందసార్లు విన్న కథ ఆమెకు. అయినా కళ్లద్దాల మీదుగా అదే చూపు. ఆటోలో వచ్చినవాళ్లలో ఒక పెద్దమనిషి నిలబడే ఉన్నాడు, ఊరు పోవాలన్న సంగతి మరిచిపోయి. నేను నీళ్లు తాగడానికి ఆగితే తట్టుకోలేకపోయాడు.

"మల్ల మేకేమాయె బిడ్డా?"

అందరూ నవ్వారు. నాకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి. మా వైపు మనిషి, నన్నెరగని మనిషి, నా కథలో తర్వాత ఏమైందని అడిగాడు. నాకు కావలసింది ఇంతే. అమ్మ అడగలేదన్న మాట దగ్గర లేచిన నవ్వుకు విఠల్ సార్ శాలువా జారి కింద పడింది. ఆ రాత్రి గదికి వెళ్లి కొత్త కథ మొదలుపెట్టాను.

మరుసటి ఏడు నుంచి మా పండుగలో అదే పద్ధతి. వేదిక మీద చదివేవాళ్లు ఒక్కరే, మిగతా రచయితలంతా కింద. బయటి నుంచి వచ్చిన అతిథులు మొదట ముఖం చిన్నబుచ్చుకుంటారు. "మా ఆపా పెట్టిన రూలు సార్, మేం మార్చలేం" అంటాడు విఠల్ సార్ గర్వంగా. ఆపా ఏటా వచ్చేది, ముందు వరసలో చీరతో కూర్చునేది. బయటి రచయితల కన్నా మా వాళ్లకే ఆ సూది అంటే ఎక్కువ భయం.

ఇల్లు కట్టుకుని నేను ఆ గది ఖాళీ చేసిన తర్వాత కూడా సాయంత్రాలు మారలేదు. తర్వాత ఆమె చూపు తగ్గింది. సూదిలోకి దారం ఎక్కించడానికి నన్ను పిలిచేది. అట్లా ఎక్కించి ఇస్తూ ఇస్తూ నేనూ ఫాల్ కుట్టడం నేర్చుకున్నాను. నా కుట్లు చూసి "ఏడుపాయల దారి లెక్క వంకరటింకర పోతున్నయ్" అని నవ్వేది. మంచం పట్టాక ఒకరోజు పడుకునే వింటూ ఉంది. నేను చదవడం ఆపి, నువ్వు లేకపోతే నేను ఎవరికి చదవాలి ఆపా అని అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

"సదువుడు సదువుడే అంటవేంది ఎప్పుడు? నేనిన్నేండ్లు ఇన్న గదా. ఇగ నువ్వు ఇను" అంది.

రెండేళ్ల కింద, చలికాలంలో, ఆమె వెళ్లిపోయింది. ఆ రోజు బాలమణి, నేను ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం. ఆ మిషను ఇప్పుడు గఫార్ భాయి ఇంట్లో గుడ్డ కప్పుకుని ఉంది. నేను వెళ్లినప్పుడల్లా ఆయన మూడు గ్లాసుల చాయ్ తెచ్చి, ఒకటి ఎక్కువైందని గుర్తొచ్చి, దాన్ని కూడా తానే తాగుతాడు.

ఈసారి పండుగలో మధ్యాహ్నం రచయితల సభకు నేను ముందు వరసలో కూర్చున్నాను, ఒళ్లో మా చెల్లెలి చీర పెట్టుకుని. రామాయంపేటలో మెకానిక్ షెడ్డు నడిపే ఒకాయన మొదటిసారి కథ చదవడానికి వచ్చాడు. చేతి గోళ్లలో గ్రీజు పూర్తిగా పోలేదు. మొదటి పేజీ అంతా ఎక్కడెక్కడి పెద్ద మాటలో తెచ్చి పేర్చాడు. నేను చకచకా కుట్టుకుపోతున్నాను. ఆయన చూపు నా చేతుల మీద పడింది. సూది సంగతి ఎవరో చెప్పి ఉంటారు. ఒక పేజీ దాటేసి, నడిరోడ్డు మీద పెండ్లి బస్సు ఆగిపోతే పెండ్లికొడుకు తన షెడ్డుకు నడిచి వచ్చిన సంగతి ఎత్తుకున్నాడు. పిలగాడు బాసింగంతోనే బస్సు కిందికి దూరాడట. ముహూర్తం దాటిపోతోందట. అక్కడ ఆయన పేజీ తిప్పడానికి ఆగాడు.

"ఫిర్?" అని వినిపించింది. పక్కనున్న బాలమణి ఉలిక్కిపడి నా వైపు తిరిగింది. అప్పుడు తెలిసింది, అన్నది నేనే అని. ఒళ్లోకి చూసుకున్నాను. సూది చీర అంచులో సగం దిగి ఉంది. ఎప్పుడు ఆగిందో నాకు తెలియదు.